కాళ్ళు ఎవరి డ్యూటీ

నేను ఇప్పుడు నడుస్తున్నాను. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే చదివేవాళ్ళకు గాబరా ఉండదు. ఎడమ కాలు ఇంకా కొంచెం ఈడుస్తుంది. అది చూసి బస్సులో తెలిసినవాళ్ళు "ఏమైంది మేడమ్, బస్సు దిగుతుంటె పడ్డవా?" అని అడుగుతారు. అవునని తలూపితే మాట అక్కడితో అయిపోతుంది. అసలు సంగతి చెప్పడం మొదలుపెడితే వాళ్ళు దిగాల్సిన స్టేజీ దాటిపోతుంది.

మొన్న మా డిపోలో పనిచేసే ఒకామె ఫోన్ చేసింది. వాళ్ళ నాయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడట. "నువ్వు అన్ని రోజులు పండుకొని లేచినవు కద అక్కా, మనిషిని ఎట్ల చూసుకోవాలె, జర చెప్పు" అంది. చెప్పబోతే మాట ఎటో పోయింది. ఏడుపు కూడా వచ్చింది. అది నాకే నచ్చలేదు. కాగితం మీద అయితే కుదురుగా చెప్పగలనని ఇది రాస్తున్నాను.

నా పేరు సుజాత. గద్వాల డిపోలో కండక్టర్‌ను. ఇల్లు అమరచింతలో. మా ఆయన కుర్మన్న కొంత సొంత భూమి, కొంత కౌలు కలిపి వరి, వేరుశనగ వేస్తాడు. మా అత్త బాలమ్మ మాతోనే ఉంటుంది. బిడ్డ పావని నాగర్‌కర్నూల్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇంట్లో మనుషులం ఇంతే.

*ఎండాకాలం చివర*

కాళ్ళలో తిమ్మిరి అంతకుముందే ఉంది. పొద్దంతా నిలబడే ఉద్యోగంలో కాళ్ళు తిమ్మిరెక్కకపోతేనే ఆశ్చర్యం కాబట్టి నేను పట్టించుకోలేదు. జబ్బు నా వేళ్ళ దగ్గర పట్టుబడింది.

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సు. పెండ్లిళ్ళ రోజులు. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూసి పైసలు లేని జీరో టికెట్ కొట్టాలి, మగవాళ్ళకు చిల్లర ఇవ్వాలి, ఇద్దరికీ సర్దిచెప్పాలి. బీచుపల్లి వంతెన దాటేటప్పటికి టికెట్ మిషన్ బటన్ నొక్కితే దిగడం లేదు. మిషన్ పాడైందనుకొని రెండో చేత్తో నొక్కాను. అదీ అంతే. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి మిషన్ తీసుకొని నొక్కితే టికెట్ టకటకా వచ్చింది. పాడైంది మిషన్ కాదని అప్పుడు తెలిసింది.

పెబ్బేరులో ఎక్కేవాళ్ళకు దారి ఇవ్వబోతే మోకాళ్ళు మడతపడి కూలబడ్డాను. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, "నువ్వట్లనే కూసో మేడమ్, బస్సు సీదా దవాఖానకే పట్టిస్త" అన్నాడు. పట్టించాడు. పెండ్లి సామాన్లతో, సద్ది మూటలతో బస్సు నిండా జనం. వనపర్తి బస్టాండు దాటి దవాఖాన గేటు ముందు ఆగేదాకా ఒక్కరు కూడా మా స్టేజీ పోయిందని అనలేదు. కండక్టర్‌గా ఇన్నేళ్ళలో అలాంటి ప్రయాణికులను నేను ఇంకెప్పుడూ చూడలేదు.

దవాఖానలో డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశాడు. కాలు ఎగరాలట. ఎగరలేదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి నరాలను కొరుకుతుందని చెప్పాడు. మన కుక్కే మనల్ని కరిచినట్లు అనుకున్నాను. జబ్బుకు ఇద్దరు పరదేశపు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారట. కబురంది వచ్చిన మా ఆయన ఆ పేరు అడిగి మళ్ళీ మళ్ళీ పలికి చూసుకున్నాడు. చాలామందికి తగ్గుతుంది, కానీ ఊపిరి జాగ్రత్త అన్నాడు డాక్టర్.

అందుకోసం ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. గట్టిగా ఊపిరి తీసుకొని, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడతానో చూసేవాళ్ళు. బస్సులో తలలు లెక్కపెట్టేదాన్ని, నాకు అదేం పెద్ద పని కాదు. కానీ పొద్దున వెళ్ళినంత దూరం సాయంత్రం పోలేకపోయాను. మరునాడు ఇంకా ముందే ఆగిపోయాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నాతోపాటు పెదాలు కదిలించేవాడు. నేను ఆగిన చోట ఆయన ఇంకో అంకె ముందుకు పోయి, నా ముఖం చూసి ఆగేవాడు. అప్పుడు నాకు భయమేసింది. చావు భయమని వేరే ఉండదు. తర్వాతి అంకె రాకపోవడమే ఆ భయం.

ఐసీయూలో ఉన్న రోజుల్లో గుర్తున్నది పైకప్పు ఒక్కటే. మందు పనిచేసింది. ఊపిరి నిలబడింది. చేతులు నెమ్మదిగా తిరిగి వచ్చాయి. కాళ్ళు మాత్రం మోకాళ్ళ కింద నావి కానట్లే ఉండిపోయాయి. స్ట్రెచర్ మీద ఆడవాళ్ళ వార్డుకు మారుస్తుంటే బయట బెంచీ మీద కూర్చున్న అత్త లేచి వచ్చి, "ఊపిరుంటె ఉప్పు అమ్ముకొని బతకొచ్చు బిడ్డా" అంది. ఉప్పు అమ్మాలన్నా నిలబడాలి కదా అనుకున్నాను.

*మృగశిర*

వార్డులో నాది మూలమంచం. అక్కడ చేయడానికి ఏ పనీ లేదు కాబట్టి ఎవరు ఏం చేస్తున్నారో చూస్తూ పడుకునేదాన్ని. మా డిపోలో డ్రైవర్, కండక్టర్, మెకానిక్, కంట్రోలర్ అని ఎవరి పని వారికి ఉన్నట్లే అక్కడా ఉంది. జనానికి మాత్రం రెండే పేర్లు తెలుసు. తెల్లబట్టల్లో ఉంటే సిస్టర్, లేకపోతే ఆయమ్మ.

సిస్టర్ అంటే స్టాఫ్ నర్సు. సూది, మందు, సెలైన్, రాతపని ఆమెవి. ఎవరికి ఏ పూట డ్యూటీయో వేసేది హెడ్ నర్సు. కట్లు కట్టేది డ్రెస్సర్. మా వార్డుకు వచ్చే డ్రెస్సర్ పేరు రహీం. స్ట్రెచర్ తోసేది, ఆక్సిజన్ సిలిండర్ మోసేది వార్డు బాయ్. ఆయనకు మనవలున్నా బాయే. నేల తుడిచేవాళ్ళు శానిటేషన్. ఆయమ్మ అని అందరూ పిలిచే ఏసమ్మ చొక్కా మీద మాత్రం 'పేషెంట్ కేర్' అని కుట్టి ఉంటుంది. రోగిని పక్కకు తిప్పడం, దుప్పటి మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌ప్యాన్ పెట్టడం, తీయడం ఆమె పని.

మా అత్త ఇవేవీ పట్టించుకోలేదు. లేడీ డాక్టర్‌ను సిస్టరమ్మా అని, రహీంను డాక్టర్ సాబ్ అని పిలిచేది. లేడీ డాక్టర్ సరిదిద్దింది. రహీం సరిదిద్దలేదు.

"అది నా డ్యూటీ కాదమ్మా" అన్న మాట వార్డులో రోజూ వినిపించేది. అందరూ దాన్ని తిట్టుకునేవాళ్ళు. నాకు తప్పనిపించలేదు. డ్రైవర్ టికెట్లు కొట్టడానికి లేస్తే బస్సు ఎవరు నడుపుతారు? అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు అంటారు కానీ, అందరూ ఒకే కొమ్ము పట్టుకున్నా అందలం లేవదు.

ఇంత పకడ్బందీగా పంచుకున్న పనుల్లో కొన్ని ఎవరికీ రానివి ఉన్నాయి. అన్నం తినిపించడం, తల దువ్వడం, రోగి ఏడిస్తే పక్కన కూర్చోవడం. వాటన్నిటికీ ఒకే ఉద్యోగి. "మూలమంచం ఇంటోళ్ళు ఎవరు?" అని సిస్టర్ కేక వేస్తే మా అత్త లేచి నిలబడేది. ఆడవాళ్ళ వార్డు కాబట్టి మగవాళ్ళను చూడవచ్చే వేళల్లోనే రానిస్తారు. అందువల్ల నాకు ఇంటోళ్ళు అంటే మా అత్తే. జొన్న కోసిన చేతులు, ఎవరి కిందా జీతానికి పనిచేయని మనిషి. ఆ వయసులో ఆమెకు మొదటిసారి ఒక హోదా వచ్చింది.

ఒకరోజు ఫిజియోథెరపీ సారు వచ్చి నా కాళ్ళ కసరత్తు ఇంటోళ్ళకు చూపించాడు. మోకాలు మడిచి చాపాలి. తర్వాత మడమను అరచేతిలో పట్టుకొని, అరికాలిని పైకి తోసి, కాసేపు అలాగే ఉంచి వదలాలి. పొద్దంతా ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు చేయాలి. "ఏసమ్మకు వార్డంత చూసుకునేదుంది. ఇది మాత్రం మీ పనే" అని చెప్పి పోయాడు. అత్తా, మా ఆయనా శ్రద్ధగా తలూపారు.

సారు అటు పోగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మా దిక్కు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకోరు. ముట్టుకుంటే చిన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందంటారు. పొరపాటున కాలు తగిలితేనే వంగి, ముట్టుకొని కళ్ళకు అద్దుకుంటాం. అలాంటిది ముప్పొద్దులా కోడలి మడమ అరచేతిలో పెట్టుకొని తోయడమా? అత్తకు అది గర్వం కాదు, భయం. ఐసీయూ తలుపు దగ్గర కూర్చొని నా ఊపిరి లెక్కలు విన్న మనిషి, ఉన్న కాస్త ఆయుష్షును తన చేత్తో తగ్గించదలచుకోలేదు. మా ఆయన ముట్టుకుందామంటే పెండ్లాం కాళ్ళు. ఆయనకు పట్టింపు లేదేమో కానీ, తల్లి ఎదురుగా ఉంది, వార్డులో ఇంతమంది ఆడవాళ్ళున్నారు. ఇక నేను. అత్త ఒకసారి ధైర్యం చేసి చెయ్యి చాపితే, "వద్దత్తా, నాకు పాపం తగుల్తది" అని గట్టిగా అన్నాను. కాలు వెనక్కి తీసుకుందామంటే కాలు రాదు కదా, మాటే అడ్డం పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి మోకాళ్ళ దాకా కసరత్తు బ్రహ్మాండంగా జరిగింది. సిస్టర్ "చేసిండ్రా?" అంటే "చేసినం" అనేవాళ్ళం. అబద్ధం కాదు. పాదాలు మాత్రం పావనివి. అది నాకంటే చిన్నది కాబట్టి దానికి దోషం లేదు. ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి పొద్దంతా నా పాదాలు తోసేది. డ్రమ్ము నింపిపెట్టుకుంటే వారమంతా నీళ్ళు వాడుకున్నట్లు, ఇక ఆదివారం దాకా సరిపోతుందని అత్త నమ్మింది. నేనూ నమ్మాను.

సారు మళ్ళీ వచ్చి చూసేటప్పటికి పాదాలు రెండూ ముందుకు వాలిపోయి బిగుసుకుంటున్నాయి. ఆయన ముఖం మారింది. "నరానికి బలం వచ్చినా లాభం లేదు. పాదం గిట్లనే బిగుసుకపోతే నేల మీద ఆనదు. నిలబడుడు మరిచిపోవాలె" అన్నాడు. నేను పైకప్పు చూస్తూ విన్నాను. నిలబడలేని కండక్టర్ ఉండదు. ఇంకో నెల, రెండు నెలలు సెలవు. తర్వాత డిపో నుంచి ఒక కాగితం వస్తుంది. బస్సు ఊగుతుంటే దేన్నీ పట్టుకోకుండా నిలబడి టికెట్ కొట్టడం నాకు వచ్చిన ఒకే ఒక విద్య. దాని మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం అత్త ఎటో పోయి వచ్చింది. చేతిలో మగవాళ్ళు వేసుకునే మందపాటి నల్ల సాక్సులు. దవాఖాన గేటు ఎదురుగా బండి మీద కొన్నదట. ఏసమ్మ వచ్చేదాకా ఆగి, "మా కోడలికి కాళ్ళు చల్లగైతున్నయి, జర తొడుగు" అంది.

"గీ ఉక్కకు సాక్సులా?" అంది ఏసమ్మ.

"వాన పడ్డది కద."

మృగశిర వచ్చింది, నిజంగానే ఒక జల్లు పడింది. ఏసమ్మ తొడిగి పోయింది. అత్త మంచం కొసన కూర్చొని సాక్సు మీద చెయ్యి వేసి, నా వైపు చూసింది. "ఇప్పుడు నేను ముట్టుకునేది కాలు కాదు, బట్ట" అంది. అంతమంది డాక్టర్లున్న దవాఖానలో ఆ ఉపాయం ఎవరికీ తట్టలేదు. నాకు నవ్వొచ్చింది. గుండె మీది బరువు దిగినట్లయింది. ఆ రోజు నుంచి అత్త చేతులు ఆగలేదు. మడమ పట్టి తోయడం, వదలడం, మళ్ళీ తోయడం. పక్క మంచం ఇంటోళ్ళు కూడా మెచ్చుకున్నారు. సారు వచ్చి పాదం కొంచెం వదులైందన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

సాక్సులు తీయాలంటే మాత్రం ఉత్త కాళ్ళు ముట్టుకోవాలి. అందుకని తీయలేదు. ఏసమ్మ ఒళ్ళు తుడవడానికి వస్తే, "కాళ్ళు నేను చూసుకుంట, నువ్వు పైవరకు తుడువు" అనేది అత్త. ఏసమ్మకు ఇంకా ఎన్నో మంచాలు. సరే అని పోయేది. మడమలు పరుపుకు ఆని, సాక్సులో చెమట పట్టి, రోజంతా రాపిడి పడుతున్నాయి. నాకు ఏమీ తెలియలేదు. మోకాలి కింద ఏమి జరిగినా ఇంకో ఊళ్ళో జరిగినట్లే.

దుప్పటి మారుస్తూ ఏసమ్మే చూసింది. ఎడమ సాక్సు మడమ దగ్గర తడిగా ఉంది. వంగి వాసన చూసి, సిస్టర్‌ను పిలిచింది. సిస్టర్ రహీంను పిలిచింది. సాక్సు పుండుకు అతుక్కుపోయింది. రహీం సెలైన్ నీళ్ళు పోసి నానబెట్టి, కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరించి తీశాడు. నాకు కనిపించలేదు. అత్త చూసింది. చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"నేనే చేసిన. నా చేతులతోనే చేసిన" అంది.

"అమ్మా, జర బయట కూసో. మానుతది. పరేషాన్ గాకు" అన్నాడు రహీం. అత్త కదల్లేదు.

సిస్టర్ ముందు అత్తను కోప్పడింది, తర్వాత ఏసమ్మను. ఏసమ్మ తల వంచుకొని విని, సిస్టర్ పోయాక నాతో, "మడమలు, నడుము రోజు చూసుడు నా డ్యూటీలనే ఉన్నది. మీ అత్త వద్దన్నదని నేను చూడలే" అంది. తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు కూడా ఉంది.

పుండు మానేదాకా నిలబెట్టే ప్రయత్నమే వద్దన్నారు. సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఆయన గొంతు పెంచడం నేను తక్కువ చూశాను. "సాక్సులేందమ్మా? నోరు తెరిచి అడగరాదా?" అని తల్లి మీద లేచాడు.

"నువ్వెందుకు ముట్టుకోలేదురా మరి?" అంది అత్త.

"నువ్వున్నవనే కద ముట్టుకోలే."

వార్డంతా వింటోంది. నేను గోడ వైపు ఒత్తిగిలుదామంటే, తిప్పడానికి ఎవరినో పిలవాలి. ఆ పూట ఇద్దరూ తిండి తినలేదు. ఆ పూట నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. బతికి వాళ్ళకు భారమయ్యానని కూడా అనిపించింది. ఇప్పుడు చదివితే పెద్ద మాటలా ఉంది. అప్పుడు మామూలుగానే అనిపించింది.

మరునాడు భోజనాలయ్యాక ఏసమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఒకటి అత్తకు ఇచ్చింది. చాయ్ తాగుతూ అత్త జరిగిందంతా చెప్పింది. పెద్దవాళ్ళు ముట్టుకుంటే పిల్లకు ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డానని చెప్పింది. ఏసమ్మ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మాది ఉప్పునుంతల దిక్కు. మా దిక్కు గూడ గట్లనే అంటరు" అంది ఏసమ్మ. "మరి నేను సుజాతమ్మకన్న పెద్దదాన్నే కద. రోజు ముట్టుకుంటున్న."

"నీది డ్యూటీ" అంది అత్త వెంటనే. "డ్యూటీకి దోషం లేదు."

"మరి నిన్ను ఈడ ఏమని పిలుస్తుండ్రు?"

అత్త గ్లాసు కింద పెట్టింది.

"ఇంటోళ్ళు, ఇంటోళ్ళు అని పొద్దుగాల్నుంచి పిలుస్తనే ఉన్నరు, నువ్వు లేస్తనే ఉన్నవు. అది గూడ డ్యూటీనే బాలమ్మా. జీతం లేదు గంతే" అని చాయ్ గ్లాసులు తీసుకొని పోయింది.

అత్త లేచి, నల్లా దగ్గర చేతులు కడుక్కొని వచ్చింది. మా ఊరి దిక్కు తిరిగి, కురుమూర్తి స్వామికి దండం పెట్టింది. "స్వామీ, పాపముంటె నాకు రాయి. పిల్లకు రాయకు" అంది. మంచం కొసన కూర్చొని, పుండు లేని కుడి పాదాన్ని ఉత్త చేతుల్లోకి తీసుకుంది. ఈసారి నేను వద్దనలేదు. ఆ చేతులు నాకు తెలియడం లేదు, కనిపిస్తున్నాయి. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అత్త కసరత్తు ఆపలేదు.

*ఆషాఢం*

పుండు నెమ్మదిగా మానింది. రహీం రోజూ వచ్చి కట్టు మార్చేవాడు. అత్త పక్కనే నిలబడి వంగి చూసేది. "ఎర్రగ ఉంది డాక్టర్ సాబ్, మంచిదేనా?" అని అడిగేది. "ఎర్రగుంటె మంచిదే అమ్మా, నల్లగైతెనే ఫికర్" అనేవాడు. కొన్నాళ్ళకు ఆయన రాకముందే ఆ రోజు పుండు ఎలా ఉందో అత్తే చెప్పేది. మా ఆయన కూడా చూడవచ్చే వేళకు వచ్చి, చెప్పులు విడిచి, కుడి కాలు పట్టుకునేవాడు. తల్లి ఎడమ కాలు, కొడుకు కుడి కాలు. మాటలు లేకుండానే వాళ్ళ తగాదా అలా అయిపోయింది.

ఒకరోజు పొద్దున అత్త పాదం తోస్తుంటే బొటనవేలి దగ్గర ఏదో గరుకుగా రాసుకుంది. మొదట చీమ అనుకున్నాను. కళ్ళు మూసుకొని చూశాను. మళ్ళీ రాసుకుంది.

"అత్తా, నీ చెయ్యి గరుకుగ ఉంది" అన్నాను.

అత్త చేతులు ఆగిపోయాయి. తన అరచేతులు తిప్పి చూసుకుంది. "వేరుశనగ పీకిన చేతులు, గరుకుగనే ఉంటయి" అంది. మళ్ళీ బొటనవేలు రుద్ది, "తెలుస్తుందా?" అంది.

"తెలుస్తుంది."

అత్త కొంగుతో ముఖం తుడుచుకొని రెండో పాదం తీసుకుంది.

నిలబెట్టిన రోజు ఏసమ్మ ఒక పక్క, వార్డు బాయ్ ఒక పక్క పట్టుకున్నారు. అత్త నేల మీద కూర్చొని నా పాదాలు రెండూ చేతులతో సర్ది, అరికాళ్ళు పూర్తిగా ఆనేటట్టు పెట్టింది. నేల చల్లగా ఉంది. నిలబడ్డాను. పక్క మంచం ఇంటోళ్ళు చప్పట్లు కొట్టబోతే ఏసమ్మ కళ్ళతోనే వద్దంది. సంతోషపడితే పట్టు జారుతుందని ఆమె భయం.

ఇంటికి పంపే రోజు ఏసమ్మకు చెప్పి పోదామని వీల్‌చెయిర్ ఆపించాను. ఆమె ఇంకొకరి దుప్పటి మారుస్తోంది. "మంచిగ పోయి రాండ్రి అనను. ఈడికి మళ్ళ రావద్దు" అంది. తర్వాత అత్త వైపు తిరిగి, "మడమలు పైలం" అంది.

*దసరా*

ఇంటికొచ్చాక వాకర్, తర్వాత చేతికర్ర, తర్వాత గోడ. ఇప్పుడు గద్వాల బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్‌లో కూర్చుంటున్నాను. ఏ బస్సు ఎప్పుడో చెప్పడం నా డ్యూటీ. అన్ని బస్సులూ నన్ను వదిలి పోతుంటే కొంచెం కష్టంగానే ఉంటుంది. ఎడమ కాలు కుదురుకుంటే మళ్ళీ బస్సు ఎక్కనిస్తామన్నారు. ఎక్కుతాననే అనుకుంటున్నాను.

ఫోన్ చేసిన ఆమెకు చెప్పాల్సింది ఇదే. మీ నాయనను తిప్పేది ఎవరు, తుడిచేది ఎవరు, మందు ఇచ్చేది ఎవరు అని అడిగి తెలుసుకో. వాళ్ళ పేర్లు తెలుసుకో. తర్వాత ఇంట్లో ఎవరూ ముట్టుకోనిది ఏముందో చూడు. సిగ్గు వల్లనో, భక్తి వల్లనో, ప్రేమ వల్లనో ఒకచోట అందరి చేతులూ ఆగిపోతాయి. పుండు అక్కడే పడుతుంది. కాళ్ళకు ఏమైనా తొడిగి ఉంటే రోజూ విప్పి చూడు.

దసరా సాయంత్రం మా ఆయన జమ్మి ఆకు తెచ్చాడు. పండుగకు పావని వచ్చింది. మా దిక్కు చిన్నవాళ్ళు జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, కాళ్ళకు మొక్కుతారు. నేను గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చి అత్త చేతిలో జమ్మి పెట్టాను. వంగి ఆమె కాళ్ళకు మొక్కాను. వంగడం, మళ్ళీ లేవడం, రెండూ నా అంతట నేనే చేశాను.

అత్త దీవించలేదు. "దీవెన తర్వాత. ముందు మడమ చూపియ్" అంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చొని, నా ఎడమ కాలు ఒడిలో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే జమ్మి ఇవ్వడానికి పక్కింటి నాగమ్మ లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందే బాలమ్మా, పండుగ పూట కోడలి కాళ్ళు పట్టుకుంటివి?"

అత్త తలెత్తలేదు. "నా డ్యూటీ" అని, బొటనవేలితో మడమ మీద గట్టిగా నొక్కింది.

"నొస్తుందా?" అని నన్ను అడిగింది.

నొచ్చింది. నొస్తుందని చెప్పాను.